హోయ్ అని పిలిస్తే వినపడని ఆటగాడు: బేస్‌బాల్ సెంటర్ ఫీల్డర్ విలియం హోయ్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

విలియం ఎల్స్‌వర్త్ హోయ్ పేరు అమెరికాలోనే బేస్‌బాల్ పిచ్చి బాగా ముదిరినవాళ్లకు తప్ప పెద్దగా తెలీదు. 1888 నుంచి 1902 దాకా పెద్ద లీగుల్లో ఆడాడు. చెవులు బొత్తిగా వినపడవు. ఈ రెండో ముక్క చెప్పగానే ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "అంపైర్లు చేతులతో సైగలు చేయడం ఆయన వల్లే మొదలైందట కదా?" దానికి జవాబు ఈ పేజీలో ఉంది. కావాలనే మధ్యలోకి తోశాను. ఆ ఒక్క ప్రశ్న మనిషి ఆట మొత్తాన్ని మింగేసింది. ముందు ఆట చూద్దాం.

ఇంతకీ ఎవరీయన?

1862 మే 23న ఒహాయో రాష్ట్రంలో హౌక్‌టౌన్ అనే పల్లెలో పుట్టాడు. మూడేళ్ల వయసులో మెనింజైటిస్ వచ్చింది. ప్రాణం దక్కింది కానీ వినికిడి పోయింది. కొలంబస్‌లో ఒహాయో బధిరుల పాఠశాలలో చేర్పిస్తే క్లాసులో ఫస్ట్ వచ్చి బయటికొచ్చాడు. అక్కడ బూట్లు కుట్టే పని నేర్చుకున్నాడు. ఊరికి తిరిగొచ్చి సొంతంగా కొట్టు పెట్టుకున్నాడు.

మనిషి పొట్టి. ఐదడుగుల నాలుగంగుళాలని రాస్తారు. ఎడమచేతి వాటంగా బ్యాటింగ్ చేసేవాడు, కుడిచేత్తో విసిరేవాడు.

పేరు నిజంగా "హోయ్" అనేనా?

అవును, అలాగే పలకాలి. మన పల్లెల్లో పొలం అవతలి గట్టున ఉన్నవాణ్ని "హోయ్!" అని కేకేస్తాం. ఆ కేక జీవితంలో వినపడని మనిషికి అదే ఇంటిపేరు కావడం మన భాషలో మాత్రమే తట్టే తమాషా.

నాకు క్రికెట్ తప్ప ఏమీ తెలీదు. అవుట్‌ఫీల్డర్ అంటే బౌండరీ దగ్గర నిలబడేవాడేనా?

సుమారుగా అంతే. బేస్‌బాల్ మైదానం ఒక విసనకర్రలా ఉంటుంది. పిడి దగ్గర బ్యాటర్ నిలబడతాడు, ఆ చోటుని హోమ్ ప్లేట్ అంటారు. దగ్గర్లో బేస్‌లు, అంటే పరుగు తీసేవాడు వరసగా తాకుతూ తిరిగి హోమ్ ప్లేట్‌కి రావాల్సిన మజిలీలు, వాటి కాపలాకి ఇన్‌ఫీల్డర్లు. దూరంగా, విసనకర్ర అంచున ముగ్గురే ముగ్గురు: లెఫ్ట్, సెంటర్, రైట్. మధ్యలో ఉన్న సెంటర్ ఫీల్డర్‌కి పరిగెత్తాల్సిన మేర అందరికన్నా ఎక్కువ. అటూ ఇటూ ఉన్న ఇద్దరి మధ్య ఖాళీలు కూడా అతని నెత్తినే పడతాయి.

ఇక్కడ ఒక చిన్న సంగతి గుర్తుపెట్టుకోవాలి. బంతి బ్యాట్‌కి తగిలిన చప్పుడును బట్టి అది ఎంత దూరం వస్తుందో ఫీల్డర్లు సగం అంచనా వేసేస్తారు. గట్టిగా "ఠక్" మంటే వెనక్కి తిరిగి పరుగు, మొద్దుగా తగిలితే ముందుకు. హోయ్‌కి ఆ సగం అంచనా లేదు. ఉన్నదంతా కళ్లతోనే. పైగా అప్పటి గ్లవ్‌లు ఇప్పటి చాటంత గ్లవ్‌ల లాంటివి కావు, ఉత్త తోలు తొడుగుల్లా ఉండేవి.

బూట్ల కొట్టు వదిలేసి ఆటలోకి ఎలా వచ్చాడు?

ఎండాకాలం పుణ్యమా అని. ఒహాయో పల్లెల్లో వేసవి వస్తే జనం చెప్పుల్లేకుండా తిరిగేవాళ్లట, బూట్ల బాగుచేతకి బేరాలుండేవి కావు. పని లేనప్పుడు కొట్టు బయట పిల్లలతో బంతాట ఆడేవాడు. ఒకరోజు దారినపోయే మనిషి ఒకతను ఆగి ఆ ఆట చూశాడు. పక్క ఊరి జట్టు తరఫున ఆడమని పిలుద్దామని మాట కలిపితే ఈయనకి వినపడదని తెలిసి వెళ్లిపోయాడు. మర్నాడు మళ్లీ వచ్చాడు. ఈసారి కాగితం మీద రాసి అడిగాడు. హోయ్ పెద్దయ్యాక తన మొదటి అడుగు గురించి చెప్పుకున్న కథ ఇది.

ఆ ఊరి మ్యాచ్‌లో గట్టి పిచ్చర్‌ని (బంతి విసిరేవాణ్ని, మన బౌలర్ లాంటివాడు) ఎదుర్కొని బాగా కొట్టేసరికి, ఇది డబ్బులొచ్చే పని అని నమ్మకం కుదిరింది. 1886లో విస్కాన్సిన్‌లోని ఓష్‌కోష్ జట్టులో చేరాడు. అప్పటికి 24 ఏళ్లు. ప్రొఫెషనల్ ఆటకి అది చిన్న వయసేమీ కాదు.

వినపడకపోతే బ్యాటింగ్‌లో వచ్చే ఇబ్బంది ఏమిటి? బంతి కనిపిస్తే చాలదా?

కొట్టడానికి చాలు. లెక్క తెలుసుకోవడానికి చాలదు. పిచ్చర్ విసిరిన ప్రతి బంతికీ, బ్యాటర్ ఆడకుండా వదిలేస్తే, అంపైర్ ఏదో ఒకటి చెప్పాలి. సరైన చోట పడితే స్ట్రైక్, పక్కకి పోతే బాల్. స్ట్రైక్‌లు నిండితే అవుట్, బాల్‌లు నిండితే ఊరికే మొదటి బేస్‌కి నడిచి వెళ్లొచ్చు. ఆ రోజుల్లో అంపైర్ దాన్ని నోటితో అరిచి చెప్పేవాడు, అంతే.

హోయ్ ఏం చేసేవాడంటే, ఒక్కో బంతి తర్వాత వెనక్కి తిరిగి అంపైర్ ముఖం చూసి ఏమిటని అడిగేవాడు. ఇది పసిగట్టిన పిచ్చర్లు ఆయన మళ్లీ ముందుకు తిరిగి కుదురుకునేలోపే తర్వాతి బంతి విసిరేసేవాళ్లు. తప్పు అనలేం, ఒప్పని కూడా అనలేం. పోటీ ఆటల్లో ఇలాంటి గడుసుతనం ఎప్పుడూ ఉన్నదే. ఓష్‌కోష్‌లో మొదటి ఏడాది ఆయన సగటు .219. బంతిని కొట్టి అవుట్ కాకుండా బేస్ చేరితే హిట్. మన లెక్కలో చెప్పాలంటే వంద సార్లలో ఇరవై రెండు హిట్లు, అంటే అంతంతమాత్రం.

రెండో ఏడాదికి దారి దొరికింది. మూడో బేస్ పక్కన తమ జట్టు కోచ్ ఒకడు నిలబడతాడు. అతను స్ట్రైక్ అయితే కుడిచెయ్యి, బాల్ అయితే ఎడమచెయ్యి ఎత్తాలి. హోయ్ వెనక్కి తిరగక్కర్లేదు, పిచ్చర్ మీద నుంచి కళ్లు కాస్త పక్కకి తిప్పితే చాలు. 1887లో సగటు .367కి ఎగిరింది, ఓష్‌కోష్ ఆ లీగ్ గెలిచింది.

ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి "చూశారా, సైగల మహిమ" అంటుంటారు. కాస్త ఆగాలి. ఆ 1887 ఒక్క ఏడాది బేస్‌బాల్ నిబంధనలు మార్చి, మూడు స్ట్రైక్‌ల బదులు నాలుగింటికి గానీ అవుట్ ఇవ్వలేదు. బ్యాటర్లందరికీ పండగే. సైగలు పనిచేశాయి, కాదనను. కానీ ఆ పెరుగుదల మొత్తం సైగల ఖాతాలో వేస్తే లెక్క తప్పుతుంది.

ఫీల్డింగ్‌లో ఇద్దరూ ఒకే క్యాచ్ కోసం పరిగెత్తితే? గుద్దుకోరా?

నాకు ఆయన కెరీర్‌లో అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే.

గాల్లోకి లేచిన బంతి కింద ఇద్దరు ఫీల్డర్లు చేరితే, ఒకడు "నాది, నాది" అని అరుస్తాడు, రెండోవాడు ఆగుతాడు. క్రికెట్‌లోనూ అంతే. ఇద్దరి కళ్లూ ఆకాశంలోనే ఉంటాయి కాబట్టి అక్కడ చెవులే దిక్కు. 1888లో హోయ్ వాషింగ్టన్ జట్టులో చేరినప్పుడు తోటివాళ్లకి ఈయన పద్ధతి తెలీదు. దాంతో ఒక కాగితం మీద రాసి బట్టలు మార్చుకునే గది గోడకి అంటించాడు. సారాంశం ఇదీ: నాకు వినపడదని మీకు తెలుసు. నా చుట్టూ ఉండే నలుగురు, అంటే లెఫ్ట్ ఫీల్డర్, రైట్ ఫీల్డర్, షార్ట్‌స్టాప్ (రెండు, మూడు బేస్‌ల మధ్య నిలబడేవాడు), రెండో బేస్ దగ్గరివాడు, నన్ను గుద్దుకోకుండా ఉండాలంటే ఒక ఒప్పందం కావాలి. నేను క్యాచ్‌కి వెళ్తున్నానంటే అరుస్తాను. నా అరుపు వినపడలేదంటే నేను ఆ బంతికి రావడం లేదని అర్థం, మీరు చూసుకోండి.

ఒక్కసారి ఆలోచించండి. మామూలుగా మనం ఏమనుకుంటాం? వినపడనివాడికి మిగతావాళ్లు ఏదో ఏర్పాటు చేయాలి అని. ఈయన తిరగేశాడు. వినడం మీ పని, అరవడం నా పని. వినగలిగేది వాళ్లే కాబట్టి నిర్ణయం తన చేతిలో ఉంచుకుని, వినే బాధ్యత వాళ్లకి అప్పజెప్పాడు. సెంటర్ ఫీల్డర్ మాటే చెల్లాలన్నది ఆటలో ఉన్న ఆనవాయితీ కూడా కాబట్టి ఎవరూ కాదనలేదు.

ఆ అరుపు అరుపులా ఉండేది కాదట. సన్నగా, కీచుమని గొంతులోంచి వచ్చే చప్పుడు. తర్వాత లూయీవిల్‌లో ఆయనతో ఒకే గదిలో ఉన్న టామీ లీచ్ ముసలితనంలో ఇది గుర్తుచేసుకున్నాడు: హోయ్ పక్కన ఆడుతున్నప్పుడు మనం బంతి నాదని అరవకూడదు, ఆ కీచు కోసం చెవి పెట్టుకుని ఉండాలి, అది వినపడితే పక్కకి తప్పుకోవాలి. చాలామంది తోటి ఆటగాళ్లు సైగల భాష కూడా కొంత నేర్చుకున్నారని లీచ్ చెప్పాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అని మనకో సామెత ఉంది. ఇక్కడ శంఖం ఊదింది ఆయన, వినాల్సింది మిగతా ఎనిమిది మంది.

1888లో 82 బేస్‌లు దొంగిలించాడని చదివాను. అది ప్రపంచ రికార్డా?

రికార్డు కాదు, కానీ అప్పటి పెద్ద లీగుల్లో ఒకటైన నేషనల్ లీగ్‌లో ఆ ఏడాది అదే అత్యధికం. పెద్ద లీగ్‌లో మొదటి ఏడాదే అంత కొట్టేశాడు. పిచ్చర్ బంతి విసిరే ధ్యాసలో ఉండగా ఒక బేస్ నుంచి తర్వాతి బేస్‌కి ఉరకడాన్ని "దొంగతనం" అంటారు.

ఒక మెలిక ఉంది. 1898కి ముందు ఈ లెక్క రాసే పద్ధతి వేరు. తోటి బ్యాటర్ హిట్ కొట్టినప్పుడు మామూలుగా వెళ్లాల్సినదానికన్నా ఒక బేస్ ఎక్కువ లాగేసినా దాన్ని దొంగతనం కింద రాసేవాళ్లు. కాబట్టి అప్పటి 82ని ఇప్పటి 82తో పోల్చకూడదు. అదే పద్ధతిలో అదే లీగ్‌లో ఆడిన మిగతా అందరికన్నా ఎక్కువ అన్నంతవరకే తీసుకోవాలి. అది కూడా తక్కువేం కాదు.

ఒకే మ్యాచ్‌లో ముగ్గుర్ని అవుట్ చేశాడంటారు. అందులో గొప్పేముంది?

ఎక్కడ నుంచి చేశాడో చూడాలి. 1889 జూన్ 19, ఇండియానాపోలిస్‌తో మ్యాచ్. మూడో బేస్ దాటి పరుగు పూర్తిచేద్దామని హోమ్ ప్లేట్‌కి దూసుకొస్తున్న ఆటగాణ్ని సెంటర్ ఫీల్డ్ నుంచి నేరుగా హోమ్ ప్లేట్ వెనకుండే క్యాచర్ చేతికి విసిరి అవుట్ చేశాడు. ఒకసారి కాదు, అదే మ్యాచ్‌లో మూడుసార్లు. డీప్ మిడ్‌వికెట్ నుంచి వికెట్ కీపర్ గ్లవ్స్‌లోకి విసిరి ఒకే ఇన్నింగ్స్‌లో మూడు రనౌట్లు చేయడం లాంటిది.

ఆ మూడు విసుర్లూ అందుకున్న క్యాచర్ పేరు కాన్నీ మాక్. తర్వాత ఫిలడెల్ఫియా జట్టుకి యాభై ఏళ్లు మేనేజర్‌గా ఉన్న ఆ కాన్నీ మాకే. పెద్ద లీగుల్లో ఈ మూడు అవుట్ల పని చేసిన అవుట్‌ఫీల్డర్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

నా దృష్టిలో మొదటిది విసిరినప్పుడే అవతలి జట్టుకి బుద్ధి రావాలి. వాళ్లు మరో రెండుసార్లు ఎందుకు పరిగెత్తారో మరి.

ఏయే జట్లకి ఆడాడు?

ఇది గబగబా చెప్పేస్తాను. వాషింగ్టన్ రెండేళ్లు. 1890లో ఆటగాళ్లు ఓనర్ల మీద తిరగబడి సొంతంగా పెట్టుకున్న ప్లేయర్స్ లీగ్‌లో బఫెలో జట్టు. ఆ లీగ్ ఒక్క ఏడాదికే మూతపడింది. 1891లో అమెరికన్ అసోసియేషన్‌లో సెయింట్ లూయిస్, ఆ లీగ్ కూడా ఆ ఏడాదితోనే పోయింది. ఈయన కాలు పెట్టిన చోటల్లా మూతపడుతోందని ఎవరైనా నవ్వుకుని ఉంటారు. మళ్లీ వాషింగ్టన్ రెండేళ్లు, 1894 నుంచి సిన్సినాటి నాలుగేళ్లు, 1898, 99ల్లో లూయీవిల్. 1900, 1901ల్లో షికాగో, 1902లో మళ్లీ సిన్సినాటి.

ఇందులో 1901 దగ్గర ఆగాలి. అమెరికన్ లీగ్‌కి పెద్ద లీగ్ హోదా వచ్చిన మొదటి ఏడాది అది, షికాగో వైట్ సాక్స్ టైటిల్ గెలిచింది. మే 1న డెట్రాయిట్ మీద మూడు బేస్‌లూ నిండి ఉండగా హోయ్ హోమ్ రన్ (మన సిక్సర్ లాంటిది, బ్యాటర్‌తో పాటు బేస్‌ల మీద ఉన్నవాళ్లందరికీ పరుగే) కొట్టాడు. దీన్నే గ్రాండ్‌స్లామ్ అంటారు. ఆ లీగ్ చరిత్రలో తొలి గ్రాండ్‌స్లామ్‌లలో అదొకటి. అప్పటికి ఆయనకి 39 నిండవస్తున్నాయి. అదే ఏడాది లీగ్‌లో అందరికన్నా ఎక్కువసార్లు బాల్‌లు వదిలి నడిచి మొదటి బేస్‌కి వెళ్లింది కూడా ఆయనే. స్ట్రైకా బాలా అని చెవితో వినలేని మనిషి, ఏది స్ట్రైకో ఏది బాలో అందరికన్నా బాగా కళ్లతో తేల్చుకున్నాడన్నమాట. పొట్టివాడు కావడం కూడా కలిసొచ్చింది. స్ట్రైక్ కావాలంటే బంతి మోకాళ్లకీ భుజాలకీ మధ్య రావాలి. పొట్టివాడికి ఆ చోటు తక్కువ, పిచ్చర్‌కి గురి కష్టం.

సరే, ఇప్పుడైనా చెప్పండి. అంపైర్ల చేతి సైగలు ఆయన వల్లే వచ్చాయా?

కోచ్ చేత సైగలు చేయించుకున్నది నిజం, దాని గురించి ఆయనే రాశాడు. అంపైర్ల చేత చేయించాడనడానికి మాత్రం ఆయన ఆడిన కాలపు పత్రికల్లో ఆధారం దొరకలేదు. బేస్‌బాల్ చరిత్రకారులు గట్టిగానే వెతికారు. హోయ్ వినికిడి గురించి, ఆయన ఆట గురించి అప్పటి పత్రికలు బోలెడు రాశాయి. ఆయన కోసం అంపైర్ చెయ్యెత్తి ఉంటే అది వార్త కాకుండా పోయేది కాదు.

ఈ కథ బలపడింది చాలా తర్వాత. ఆయనతో ఆడినవాళ్లలో ఒకరిద్దరు ఎనభై ఏళ్ల వయసులో పాత సంగతులు చెబుతూ ఈ ఘనత ఆయనదే అన్నారు. అక్కడి నుంచి అది చేతులు మారుతూ "నిజం" అయిపోయింది.

మరి మొదలుపెట్టింది ఎవరు? ఒక పేరుతో తెగేది కాదు. 1886లోనే ఎడ్ డండన్ అనే బధిర ఆటగాడు ఒక మ్యాచ్‌కి అంపైర్‌గా నిలబడి చేతులతో నిర్ణయాలు చెప్పాడని అప్పటి పత్రిక రాసింది. 1905లో సై రిగ్లర్ అనే అంపైర్ చిన్న లీగ్‌లో స్ట్రైక్‌కి కుడిచెయ్యి ఎత్తడం మొదలుపెట్టాడు, దూరంగా కూర్చున్న జనానికి బాగుందని మెచ్చుకున్నారు. అదే ఏడాది నేషనల్ లీగ్‌లోకి వచ్చిన బిల్ క్లెమ్ అనే అంపైర్ పేరిట హాల్ ఆఫ్ ఫేమ్‌లో (గొప్పవాళ్లని ఎన్నుకుని గౌరవించే మ్యూజియం) ఉన్న ఫలకం మీద ఈ ఘనత చెక్కి ఉంది. 1905 నాటికి హోయ్ ఆట మానేసి ఇంటి దగ్గర ఉన్నాడు.

అసలు కారణం హోయ్ ఒక్కడి అవసరం కన్నా వేల మంది జనం గోల అయి ఉంటుందని నాకనిపిస్తుంది. గ్యాలరీలో చివరి వరసలో ఉన్నవాడికి అంపైర్ అరుపు వినపడదు కదా. ఆ దూరంలో అందరూ చెవిటివాళ్లే. క్రికెట్‌లో వైడ్‌కి రెండు చేతులూ చాచేది కూడా స్కోరర్‌కి కనపడాలనే.

ఈ ఘనత తీసేస్తే హోయ్ చిన్నబోతాడా? పైన చెప్పినవి మళ్లీ చదవండి.

ఇంకో బధిర ఆటగాడితో ఎప్పుడైనా ఎదురుపడ్డాడా?

1902 మే 16న. న్యూయార్క్ జెయింట్స్ పిచ్చర్ లూథర్ టేలర్‌కి కూడా వినపడదు. పెద్ద లీగుల్లో బధిర పిచ్చర్, బధిర బ్యాటర్ ముఖాముఖి నిలబడిన మొదటి సందర్భం అదే. బ్యాటింగ్‌కి వస్తూ హోయ్ చేతులతో "నిన్ను చూడటం సంతోషం" అని చెప్పాడు. ఆ తర్వాత అతని బౌలింగ్‌లో రెండు హిట్లు కొట్టాడు. బౌలింగ్ అనకూడదు, పిచింగ్ అనాలి. అలవాటు పోవడం లేదు.

ఆయన్ని "డమ్మీ" హోయ్ అంటారేమిటి? అది తిట్టు కదా?

ఇప్పుడైతే తిట్టే. అప్పట్లో మాట రానివాళ్లని ఇంగ్లీషులో ఆ మాటతోనే పిలిచేవాళ్లు. ఆటలో ఉన్న బధిరులందరికీ అదే ముద్దుపేరు, లేదా మొద్దుపేరు. టేలర్ కూడా "డమ్మీ" టేలరే, డండన్ కూడా అంతే. మన ఊళ్లలో కుంటి ఫలానా, మూగ ఫలానా అని పిలవడం లేదా? పిలిచేవాడికి అందులో తప్పు కనపడదు, అదే అసలు చిక్కు.

హోయ్ దాన్ని తిట్టుగా తీసుకోలేదు. ఎవరైనా మర్యాదకి విలియం అంటే, కాదు డమ్మీ అనమని సరిదిద్దేవాడట. స్కూల్లో ఫస్ట్ వచ్చినవాడు, జీతం దగ్గర ఓనర్లతో బేరమాడగలిగినవాడు, ఆ పేరు తనని తక్కువ చేయదని తెలిసినవాడు కాబట్టి చెల్లింది. ఇప్పుడు రాసేటప్పుడు మనం ఆ పేరు వాడక్కర్లేదు. వెతికేవాళ్లకి రికార్డు పుస్తకాల్లో మాత్రం ఆ పేరుతోనే దొరుకుతాడు, అందుకే ఇక్కడ చెప్పాను.

చప్పట్లు వినపడవు కదా, జనం ఏం చేసేవాళ్లు?

టోపీలూ చేతులూ ఊపేవాళ్లు. మంచి క్యాచ్ పట్టినప్పుడు స్టాండ్‌లో జనమంతా లేచి టోపీలు గాల్లో ఆడించేవాళ్లని అప్పటి రాతల్లో ఉంది. బధిరుల మధ్య ఇప్పుడు చప్పట్లకి బదులు రెండు చేతులూ పైకెత్తి ఊపడం మామూలు పద్ధతే.

మొత్తం కెరీర్ అంకెలు?

14 సీజన్లు. 2,000 దాటి హిట్లు, 1,400 పైగా పరుగులు, 600కి కాస్త తక్కువగా దొంగిలించిన బేస్‌లు, వెయ్యికి పైగా వాక్‌లు (బాల్‌లు నిండి మొదటి బేస్‌కి నడిచివెళ్లినవి). సగటు .288 దగ్గర. హోమ్ రన్‌లు 40, ఆ కాలంలో బంతి అంత దూరం పోయేది కాదు. అప్పటి స్కోరు కాగితాలు తర్వాత మళ్లీ మళ్లీ లెక్కపెట్టారు కాబట్టి ఒక పుస్తకానికీ ఇంకోదానికీ కొద్దిపాటి తేడా కనిపిస్తుంది, కంగారుపడకండి.

నాకు ముఖ్యమనిపించే అంకె 1,726. సెంటర్ ఫీల్డ్‌లో ఆయన ఆడిన మ్యాచ్‌లు అన్ని. ఆట మానేసేనాటికి అదే పెద్ద లీగుల రికార్డు.

పెద్ద లీగుల్లో మొదటి బధిర ఆటగాడు ఈయనేనా?

కాదు. పైన చెప్పిన ఎడ్ డండన్ 1883లోనే కొలంబస్ జట్టుకి పిచ్చర్‌గా ఆడాడు. అతనూ ఒహాయో బధిరుల పాఠశాలవాడే. చాలా చోట్ల హోయ్‌ని మొదటివాడని రాసేస్తారు.

ఆట మానేశాక ఏం చేశాడు?

పెద్ద లీగుల తర్వాత 1903లో లాస్ ఏంజెలెస్ జట్టుకి పసిఫిక్ కోస్ట్ లీగ్‌లో ఆడాడు. ఆ జట్టు టైటిల్ గెలిచింది. 41 ఏళ్ల వయసులో ఇక చాలనుకుని సిన్సినాటి పక్కన మౌంట్ హెల్తీ అనే చోట పాడి పశువుల్ని పెట్టుకున్నాడు. ఇరవై ఏళ్లు పాల వ్యాపారమే. మధ్యలో మొదటి ప్రపంచ యుద్ధం నాటికి గుడ్‌ఇయర్ కంపెనీలో వందలాది బధిర కార్మికుల బాగోగులు చూసే ఉద్యోగం కూడా చేశాడు.

1898లో పెళ్లి చేసుకున్న అన్నా మరియా లోరీ బధిరుల స్కూల్లో టీచర్, ఆవిడకీ వినపడదు. మరి ఇంటికి ఎవరైనా వస్తే? ఆయనతో ఆడినవాళ్లు చెప్పిన ఏర్పాటు ఇది: తలుపు దగ్గర గంట ఉండదు, ఒక పిడి ఉంటుంది. అది లాగితే లోపల ఒక సీసపు గుండు చెక్క కాలువలో దొర్లుకుంటూ వచ్చి నేల మీద ధబ్బున పడుతుంది. చెక్క నేల అదురుతుంది. ఆ అదురు అరికాళ్లకి తగిలి, ఎవరో వచ్చారని తెలుస్తుంది. గోడకి కాగితం అంటించిన మనిషి ఇంట్లో ఇలాంటి ఏర్పాటు ఉండటంలో వింతేముంది? కొడుకు కార్సన్ చదువుకుని సిన్సినాటిలో జడ్జి అయ్యాడు.

1961 వరల్డ్ సిరీస్‌లో కనిపించాడని విన్నాను, నిజమేనా?

నిజమే. వరల్డ్ సిరీస్ అంటే ఏటా పెద్ద లీగుల టైటిల్ తేల్చే పోటీ. 1961 అక్టోబర్ 7, సిన్సినాటి క్రాస్లీ ఫీల్డ్‌లో ఆ ఊరి జట్టు రెడ్స్‌కీ న్యూయార్క్ జట్టు యాంకీస్‌కీ మూడో మ్యాచ్. మొదటి బంతి విసిరే గౌరవం ఈయనకిచ్చారు. 99 ఏళ్ల వయసులో వచ్చి విసిరాడు. ఆ డిసెంబర్ 15న పోయాడు. ఇంకో అయిదు నెలలు ఉంటే నూరేళ్లు నిండేవి.

హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉన్నాడా?

కూపర్స్‌టౌన్‌లో ఉన్న అసలు బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో లేడు. చేర్చాలని బధిర సంఘాలు చాలా ఏళ్లుగా అడుగుతున్నాయి. సిన్సినాటి రెడ్స్ తమ సొంత హాల్ ఆఫ్ ఫేమ్‌లో 2003లో చేర్చుకుంది. అమెరికా బధిర క్రీడాకారుల సంఘం 1951లో హాల్ ఆఫ్ ఫేమ్ పెట్టినప్పుడు మొదట ఎన్నుకున్నది ఈయన్నే.

చేర్చాలా అని నన్నడిగితే, ఒట్టి బ్యాటింగ్ అంకెలతో అంచు మీద ఉంటాడు. సెంటర్ ఫీల్డ్ కలిపితే లోపలికొస్తాడు. అడిగేవాళ్లు మాత్రం ప్రతిసారీ అంపైర్ సైగల సంగతే ముందు పెడతారు. చరిత్రకారులు అది కొట్టేయగానే వాదన మొత్తం నీరుగారిపోతుంది. ముగ్గుర్ని హోమ్ ప్లేట్ దగ్గర అవుట్ చేసిన మ్యాచ్‌తో మొదలుపెడితే నయం.

ఆయన తర్వాత ఇలాంటివాళ్లు వచ్చారా?

తక్కువ. 1945లో డిక్ సిపెక్ అనే బధిర అవుట్‌ఫీల్డర్ ఒక సీజన్ రెడ్స్‌కి ఆడాడు. ఆ తర్వాత 1993లో కర్టిస్ ప్రైడ్ వచ్చేదాకా ఎవరూ లేరు. ఆయనా అవుట్‌ఫీల్డరే, 2006 దాకా ఆడాడు. తర్వాత వాషింగ్టన్‌లో బధిరుల కోసం ఉన్న గలోడెట్ యూనివర్సిటీలో బేస్‌బాల్ కోచ్ అయ్యాడు. అక్కడి బేస్‌బాల్ మైదానం పేరు హోయ్ ఫీల్డ్.

అమెరికాలో ఉంటున్నాం. ఆయన గుర్తులు ఎక్కడైనా చూడొచ్చా?

సిన్సినాటి వెళ్తే గ్రేట్ అమెరికన్ బాల్ పార్క్‌ని ఆనుకుని రెడ్స్ హాల్ ఆఫ్ ఫేమ్ మ్యూజియం ఉంది. వాషింగ్టన్ వైపు ఉంటే గలోడెట్ క్యాంపస్. పిల్లలు లిటిల్ లీగ్‌లో ఆడుతుంటే హోయ్ ఫీల్డ్‌లో ఒక మ్యాచ్ చూపించండి. అవుట్‌ఫీల్డ్ వైపు కూర్చుంటే మంచిది, ఇద్దరు ఫీల్డర్లు ఒకే బంతి కిందకి వచ్చినప్పుడు ఎవరు ఎలా ఆగుతారో అక్కణ్నుంచే కనిపిస్తుంది.